నెట్‌కు అటూ ఇటూ: ఆరుబయటి శిల్పం, మ్యూజియం కట్టడం

గత భాగాల్లో మీరు శిల్పాన్ని గురించీ కట్టడాన్ని గురించీ విడివిడిగా చదివారు. ఈ భాగంలో ఆ రెంటి నడుమ ఉండే ఖాళీ స్థలం దగ్గర ఆగుదాం. మ్యూజియం గేటు దాటిన తరవాత, టికెట్లు ఇచ్చే కిటికీ చేరేలోపు మీరు నడిచే ఆవరణ అది. అక్కడ పచ్చికలోనో, మెట్ల పక్కనో, చెట్టు నీడనో కొన్ని శిల్పాలు ఉంటాయి. చాలామంది వాటిని చూసీ చూడనట్టు దాటిపోతారు. చూడవలసినవన్నీ లోపల ఉన్నాయనీ, బయట ఉన్నవి లోపల చోటు చాలక మిగిలిపోయినవనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కొన్నిచోట్ల అది నిజం కూడా.

ఒక శిల్పం మ్యూజియం ముందు ఎందుకుందో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఆ శిల్పాన్ని అక్కడి నుంచి తీసేస్తే, కట్టడం మనకు కనిపించే తీరులో మార్పేమైనా వస్తుందా? అదే శిల్పాన్ని మరో ఊరికి తీసుకెళ్లి మరో కట్టడం ముందు నిలబెడితే, శిల్పానికి ఏమైనా లోటు వస్తుందా? రెంటికీ "ఏమీ రాదు" అన్నదే మీ జవాబైతే, అది ఎంత గొప్ప శిల్పి చేసినదైనా సరే, ఆ ఆవరణ వరకు కుండీలోని క్రోటన్ మొక్క చేసే పనే చేస్తోందన్నమాట. శిల్పంగా దాని విలువ వేరే సంగతి. ఇక్కడ మనం తూకం వేస్తున్నది శిల్పానికీ కట్టడానికీ ఉన్న సంబంధాన్ని.

బయట ఉంటే సరిపోతుందా?

ముందు మనకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. అమరావతి మహాచైత్యం శిల్పాలు ఆరుబయట చూడటానికే చెక్కినవి. పల్నాటి సున్నపురాయితో స్తూపం చుట్టూ ప్రాకారం కట్టి, దాని స్తంభాల మీద, అడ్డకమ్మీల మీద పద్మాలనూ బుద్ధుడి గాథలనూ మలిచారు. ప్రాకారానికీ స్తూపానికీ మధ్య ఉన్న దారిలో ప్రదక్షిణ చేస్తూ, నడుస్తూ చూడవలసిన శిల్పాలవి. ప్రాకారం బయటి ముఖాన పద్మాలు ప్రధానం. లోపలి ముఖాన కథలు ఎక్కువ. దారిలో అడుగుపెట్టినవారికే కథ తెలుస్తుంది. ఇక్కడ శిల్పాన్ని తెచ్చి కట్టడానికి తగిలించలేదు. శిల్పమే కట్టడం.

1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. 1859లో లండన్‌కు ఓడ ఎక్కేదాకా అవి చాలాకాలం ఎండకు ఎండి, వానకు తడిశాయి. మద్రాసు మ్యూజియం వాకిట్లో గడ్డి మీద కూడా పడి ఉన్నాయి. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. శిల్పం ఉంది, ఆరుబయటే ఉంది, ఎదురుగా మ్యూజియం కట్టడమూ ఉంది. కానీ వాటి మధ్య సంబంధమేదీ లేదు. ఎక్కడ దించారో అక్కడ ఉన్నాయి, అంతే. ఈ రోజు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అవే శిల్పాలు అద్దాల గోడ వెనక, ప్రత్యేకంగా అమర్చిన గదిలో ఉన్నాయి. తలపైన కప్పు ఉంది, ఎండ లేదు, ప్రదక్షిణ లేదు. అయినా మద్రాసు గడ్డి మీద కన్నా ఇక్కడ శిల్పానికీ గదికీ ఎంతో కొంత పొత్తు కుదిరింది. ఎందుకంటే ఆ గదిని ఈ శిల్పాలను మనసులో పెట్టుకుని తీర్చారు. అవి ఏ ఊరి నుంచి ఎలా వెళ్లాయి, అక్కడ ఉండటం న్యాయమేనా అన్నది పెద్ద ప్రశ్నే. దాన్ని ఈ భాగంలో తేల్చలేం. మనకు కావలసినది ఒక్కటే: తలపైన ఆకాశం ఉన్నంత మాత్రాన ఏ శిల్పమూ "ఆరుబయటి శిల్పం" అయిపోదు. తనకెదురుగా ఉన్న గోడతో అది ఏం మాట్లాడుతోందన్నదే అసలు లెక్క.

ఈ మాటను పరీక్షించడానికి ఇప్పుడు చాలా దూరం వెళ్లాలి. అమెరికా నడిబొడ్డున, మిస్సోరి రాష్ట్రంలో కాన్సాస్ సిటీ అనే నగరం ఉంది. అక్కడి నెల్సన్–ఆట్కిన్స్ మ్యూజియం ఆవరణలో 1933 నుంచి 2007 దాకా ఈ ప్రశ్నకు ఒకదానికొకటి పొసగని జవాబులు వచ్చాయి. ఇన్ని జవాబులు ఒకే పచ్చికలో దొరికే చోట్లు తక్కువ. అందుకే ఈ ఎంపిక.

మెట్లు, స్తంభాలు, కాపలాదారులు

ఈ మ్యూజియం 1933 డిసెంబరులో తెరుచుకుంది. పేరులోని నెల్సన్ ఒక పత్రికాధిపతి. ఆట్కిన్స్ ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన మహిళ. ఇద్దరి ఆస్తుల నుంచి వచ్చిన డబ్బుతో దీన్ని కట్టారు. వైట్ అండ్ వైట్ అనే వాస్తుశిల్పుల సంస్థ గ్రీకు ఆలయాల ధోరణిలో సున్నపురాయితో బారైన కట్టడాన్ని, దాని ముఖాన ఎత్తైన అయోనిక్ స్తంభాలను నిలబెట్టింది. దక్షిణం వైపు విశాలమైన పచ్చిక వాలుగా దిగుతుంది. కింద నిలబడి పైకి చూసేవాడికి కట్టడం ఒక కొండ మీది గుడిలా కనిపించాలన్నది ఉద్దేశం.

ఆ కట్టడానికి అప్పటికే తన శిల్పం తనకుంది. చార్లెస్ కెక్ అనే శిల్పి గోడల పైభాగాన 23 రాతి పలకలు చెక్కాడు. నాగరికత తూర్పు నుంచి పడమరకు నడిచి వచ్చిందని చెప్పే కథ అది. అందులో గుర్రపు బండ్ల మీద పడమటికి వలస పోయే జనమూ ఉన్నారు. గమనించవలసిన విషయమేమిటంటే, ఈ శిల్పం గోడ చెప్పినట్టు వింటుంది. గోడ ఇచ్చిన చట్రంలో, గోడ ఇచ్చిన ఎత్తులో, గోడ రంగులోనే ఉంటుంది. మన పరీక్షలో మొదటి ప్రశ్నకు ఇది తప్పుతుంది. ఆ పలకలు నున్నగా ఉండి ఉంటే కింద నిలబడినవారిలో ఎందరు ఆ తేడా పసిగట్టేవారు?

ఇలాంటి కట్టడాల ముందు విడిగా శిల్పం పెట్టవలసి వస్తే పాత ఆచారం ఒకటుంది. నడిమి దారికి ఇరువైపులా జంటగా పెట్టడం. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మెట్లకు అటొకటి ఇటొకటి ఎడ్వర్డ్ కెమీస్ చేసిన కంచు సింహాలు 1894 నుంచి ఉన్నాయి. మనకు ఇది కొత్తేమీ కాదు. గర్భాలయం ముందు ద్వారపాలకులు చేసే పని ఇదే. లోపల ఉన్నది గొప్పదనీ, నువ్వు చిన్నవాడివనీ, తలవంచి రమ్మనీ వాళ్లు చెబుతారు. గుడికి అది తగును. ప్రజల డబ్బుతోనో, ప్రజల కోసం రాసిచ్చిన ఆస్తితోనో నడిచే మ్యూజియానికి అది తగునా?

నెల్సన్–ఆట్కిన్స్ ఆవరణ అరవై ఏళ్లకు ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. దానికి ఐదేళ్ల ముందు, 1989లో, మధ్యలో ఒక మెట్టు ఉంది. హెన్రీ మూర్ శిల్పాల కోసం ఇక్కడ డాన్ కైలీ, జాక్విలిన్ రాబర్ట్‌సన్ కలిసి తోటను తీర్చారు. మూర్ తన శిల్పాలను ఎంత అందమైన కట్టడంలోనో చూడటం కన్నా బయలు నేల మీద చూడటాన్నే కోరుకున్నవాడు. ఇక్కడ అతని పని పచ్చికకు అంచుల్లో, చెట్ల వరసల నడుమ నిదానంగా కనిపిస్తుంది. అందంగా ఉంది, కాదనలేం. దగ్గరికి వెళ్లిన కొద్దీ కంచు మీద వెలుగు మారుతుంది. కానీ ఆ శిల్పాలు మ్యూజియం వైపు వీపు పెట్టి కూర్చున్నట్టుంటాయి. అవి ఇంగ్లండులో గొర్రెలు మేసే పొలంలో ఉన్నా ఇంతే నిండుగా ఉంటాయి. మన రెండో ప్రశ్నకు జవాబు "లోటు రాదు" అనే. మంచి శిల్పం, మంచి తోట. కట్టడంతో మాత్రం మాటల్లేవు.

నాలుగు కాక్‌లు

1994లో ఈ పచ్చికలో నాలుగు షటిల్ కాక్‌లు వచ్చి పడ్డాయి. క్లేస్ ఓల్డెన్‌బర్గ్, కూషే వాన్ బ్రుఖెన్ అనే భార్యాభర్తలు వాటి కర్తలు. ఆమె కళాచరిత్రకారిణి కూడా. అప్పటికే వాళ్లిద్దరూ ఇంట్లో వాడే మామూలు వస్తువులను భారీగా పెంచి బహిరంగ స్థలాల్లో నిలబెట్టడంలో పేరుపొందారు. మినియాపొలిస్‌లో వాకర్ ఆర్ట్ సెంటర్ పక్కనున్న తోటలో 1988లో వాళ్లు పెట్టిన చెంచా, చెర్రీ పండు మీరు ఏదో ఒక ఫొటోలో చూసే ఉంటారు. అది కంటికి ఇంపైన పనే గానీ, దాని సంబంధమంతా కింద ఉన్న చెరువుతో, వెనక ఉన్న నగరంతో. మ్యూజియం గోడతో దానికి పనిలేదు. కాన్సాస్ సిటీలో వాళ్లు చేసినది వేరు.

వాళ్ల ఊహ చెప్పడానికి చాలా తేలిక. బారుగా, అడ్డంగా ఉన్న ఈ కట్టడం బ్యాడ్మింటన్ నెట్. దానికి రెండు వైపులా ఉన్న పచ్చిక కోర్టు. ఎవరో ఆడుతూ ఆడుతూ వదిలేసి వెళ్లిన కాక్‌లు గడ్డి మీద పడి ఉన్నాయి: దక్షిణం వైపు మూడు, ఉత్తరం వైపు ఒకటి. ఏ రెండూ ఒకే వాటంగా లేవు. జంట సింహాల్లాంటి సౌష్ఠవం ఎక్కడా లేదు. పీఠాలూ లేవు. పడిన వస్తువు పడినట్టే ఉంది.

ఇప్పుడు కొలతలు చూద్దాం. ఆరుబయటి శిల్పం విషయంలో కొలత అలంకారం కాదు, అర్థంలో భాగం. ఒక్కో కాక్ ఎత్తు దాదాపు 18 అడుగులు, బరువు 5,500 పౌండ్లు, అంటే సుమారు 2,500 కిలోలు. అల్యూమినియంతో, గాజునార కలిపిన ప్లాస్టిక్‌తో చేసి రంగు వేశారు. మనం ఆడే కాక్ బరువు 5 గ్రాములకు అటూ ఇటూ. అంటే ఈ ఒక్కొక్కటి ఐదు లక్షల కాక్‌ల బరువు. పొడవు లెక్కన పెంచినది దాదాపు 60 రెట్లు. నెట్ ఎత్తు 5 అడుగులు కాబట్టి దాన్నీ 60 రెట్లు పెంచితే 300 అడుగులు కావాలి. మ్యూజియం కట్టడం ఆ ఎత్తుకు దరిదాపుల్లో కూడా లేదు. కాక్‌లకు తగ్గ నెట్ కావాలంటే కట్టడం ఇంకా ఎంతో ఎదగాలి! గుడిలా కనిపించడానికి కట్టిన ఆ మహా ముఖభాగం ఈ నాలుగు వస్తువుల మధ్య కురచబడిపోయింది. ఒక్క రాయి కదల్చకుండా, ఒక్క స్తంభం తొలగించకుండా కట్టడం పరిమాణాన్ని తగ్గించారు. మన మొదటి ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలిసి అరుదు.

రెండో ప్రశ్నకు జవాబు కోసం మీరే ఒక పని చేయండి. కాగితం మీద పొడవాటి దీర్ఘచతురస్రం గీసి, దాన్ని మ్యూజియం అనుకోండి. కింద మూడు చుక్కలు, పైన ఒక చుక్క పెట్టండి. నాలుగు చుక్కలూ ఒకేసారి కనిపించేలా నేల మీద నిలబడగలిగే చోటు కోసం వెతకండి. మూడు కాక్‌లు చూస్తున్నవారికి నాలుగోది కనిపించకుండా మధ్యలో కట్టడమే అడ్డుంటుంది. నాలుగోదాన్ని చూడాలంటే కట్టడాన్ని చుట్టి వెళ్లాలి, లేదా లోపలి గుండా నడిచి అవతల తేలాలి. ఆటగాడికి కూడా అంతే కదా. నెట్ అవతల పడిన కాక్ తెచ్చుకోవాలంటే కదలక తప్పదు. అందువల్ల ఈ శిల్పం నాలుగు ముక్కలతో పూర్తయింది కాదు. ఐదో ముక్క మ్యూజియమే. కాక్‌లను తీసుకెళ్లి వేరే ఊరి పార్కులో పెట్టామనుకోండి, పెద్ద కాక్‌లు మిగులుతాయి, ఆట మిగలదు.

ఇక్కడ ఫొటోల గురించి ఒక మాట. మనలో ఎక్కువమంది ఈ శిల్పాన్ని పుస్తకంలోనో ఫోనులోనో చూస్తాం. ఎక్కువ ఫొటోలు దక్షిణ పచ్చికలో తీసినవి. ముందు ఒక కాక్, వెనక స్తంభాలు. ఫొటో హాస్యాన్ని పట్టుకుంటుంది, కనిపించని నాలుగోదాన్ని పట్టుకోలేదు. ఆరుబయటి శిల్పాన్ని ఫొటో చూసి విమర్శించవలసి వస్తే, దాని పక్కన ఆవరణ పటం ఒకటి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఊరివాళ్లందరూ మొదట్లో దీన్ని మెచ్చుకోలేదు. తమ నగరానికి గర్వకారణమైన కట్టడం ముందు ఆటవస్తువులు పడేసి దాన్ని ఎగతాళి చేశారని చాలామంది కోపగించుకున్నారు. తరవాత తరవాత అవే కాక్‌లు ఆ నగరానికి గుర్తుగా మారాయి. మొదట కాదన్నవాళ్లు పిదప ఔనన్నారు కనుక శిల్పం గొప్పదని తేల్చేయడం విమర్శకు సరిపోదు. అలవాటైతే దేన్నయినా జనం ప్రేమిస్తారు. ఆ కోపంలోనే కొంత న్యాయం ఉంది: కట్టడాన్ని ఎగతాళి చేసిన మాట నిజమే. అయితే ఆ ఎగతాళి ఎవరి తరఫున అన్నది చూడాలి. స్తంభాల వరస చూసి, "ఇది మన కోసం కాదులే" అని గేటు దగ్గరే వెనుదిరిగే మనిషి ఒకడుంటాడు. ఈ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అయినా అతణ్ని ఆపేది టికెట్ ధర ఒక్కటే కాదు. కాక్ అతనికి తెలిసిన వస్తువు. దాన్ని చూసి భయపడనక్కర లేదు, పేరు తెలుసుకోవడానికి పక్కనున్న ఫలకం చదవనక్కర లేదు. తనకు తెలిసిన వస్తువు పక్కన ఆ స్తంభాలు నెట్ కట్టిన కర్రల్లా కనిపించగానే అతనికి కొంత ధైర్యం వస్తుంది. ద్వారపాలకుడు చెప్పిన మాటకు ఇది ఎదురుమాట.

మనవైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో సంగతి ఉంది. అమెరికాలో బ్యాడ్మింటన్ ఎక్కువగా ఇంటి వెనక పచ్చికలో సరదాకు ఆడే ఆట. కళాకారులు కోరుకున్న తేలికదనం అక్కడిది. సంక్రాంతి సెలవుల్లో వీధికి అడ్డంగా నెట్ కట్టి ఆడే మనకూ ఆ సరదా తెలుసు. కానీ 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం తెచ్చాక, తెలుగువారికి కాక్ అంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి పడే శ్రమ కూడా. అదే శిల్పాన్ని చూసి కాన్సాస్ సిటీ పిల్లవాడు నవ్వితే, ఇక్కడి పిల్లవాడు "ఇంత పెద్ద కాక్‌ను స్మాష్ కొట్టేదెవరు?" అని అడగవచ్చు. శిల్పానికి ఎదురుగా కట్టడమే కాదు, చూసేవాడి ఊరూ ఉంటుంది.

లోపాలు కూడా చెప్పుకోవాలి. ఈ కాక్‌ల దగ్గరికి వెళ్తే చూడటానికి పెద్దగా ఏమీ లేదు. మూర్ కంచులో ఉన్నట్టు ప్రతి అడుగుకూ కొత్త వంపు కనిపించదు. ఉపరితలం రంగు వేసిన నున్నటి పూత, అంతే. వాటి బలం దూరంలో ఉంది, కట్టడంతో కలిపి చూసే చూపులో ఉంది. మరో మాట: హాస్యం మీద నిలబడిన శిల్పానికి రెండోసారి చూసేవాడిని ఆపడం కష్టం. నాలుగోదాన్ని వెతుక్కునే నడకే లేకపోతే ఇది ఒక్క నవ్వుతో అయిపోయేది.

కట్టడమే శిల్పమైతే

1999లో మ్యూజియాన్ని విస్తరించడానికి పోటీ పెట్టారు. పాల్గొన్న వాస్తుశిల్పుల్లో మిగిలినవారు కొత్త భాగాన్ని పాత కట్టడం ఉత్తర ముఖానికి ఎదురుగా పెట్టారు. స్టీవెన్ హాల్ ఒక్కడే నిబంధన పక్కన పెట్టి, తూర్పు అంచు వెంట పచ్చికలోకి దించాడు. 2007లో తెరుచుకున్న ఈ బ్లాక్ భవనం పొడవు 840 అడుగులు, విస్తీర్ణం 1,65,000 చదరపు అడుగులు. ఎక్కువ భాగం నేల కిందే. పైకి తేలేవి ఐదు గాజు గదులు. వాటిని అతను లెన్స్‌లు అన్నాడు. వాటి మధ్య ఉన్న గ్యాలరీల కప్పుల మీద గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డి మీదుగా శిల్పాల తోట సాగుతుంది. మీరు ఒక శిల్పం చుట్టూ తిరుగుతున్నప్పుడు మీ కాళ్ల కింద ఇంకొకరు చిత్రాలు చూస్తూ ఉండవచ్చు.

పాత కట్టడం రాయి అనీ, తనది ఈక అనీ హాల్ తన ఊహను చెప్పుకున్నాడు. ఈకలున్న కాక్‌లు పదమూడేళ్లుగా పడి ఉన్న పచ్చికలో ఈ మాట చెప్పడం తమాషాగా లేదూ?

ఇక్కడ పాత్రలు తారుమారయ్యాయి. ఇంతవరకు కట్టడం నిలబడి ఉంది, శిల్పం దాని ముందు పడి ఉంది. ఇప్పుడు కట్టడమే ఐదు ముక్కలై గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటి తేలింది. తాను కూడా ఆరుబయటి శిల్పాల్లో ఒకటినన్నట్టు ప్రవర్తిస్తుంది. పగటి ఎండలో ఆ లెన్స్‌లు, నా మట్టుకు నాకు, గుంటూరు పొలిమేరల్లోని మిర్చి కోల్డ్ స్టోరేజీలకు మరీ దూరంగా కనిపించవు. సాయంత్రం దీపాలు వెలిగాక అదే గాజు లోపలి వెలుగును బయటికి పంపుతుంది. అప్పుడు వాటి అందం తెలుస్తుంది. లోపల ఇసాము నొగూచి శిల్పాలకు కేటాయించిన గది ఒకటి ఉంది. ఆ గది అద్దం గుండా తోట కనిపిస్తుంది కనుక, ఆ శిల్పాలు లోపల ఉన్నాయో బయట ఉన్నాయో తేల్చి చెప్పడం కష్టం. ఈ మొత్తం విస్తరణలో నాకు ఎక్కువ నచ్చినది అదే.

కానీ దీనికి ధర చెల్లించినది కాక్‌లు. 1994లో కోర్టు స్పష్టంగా ఉండేది: రెండు పచ్చికలు, మధ్యలో ఒక నెట్, నెట్‌కు కచ్చితమైన రెండు చివరలు. ఇప్పుడు తూర్పు చివర నుంచి గాజు గదుల వరస దిగివచ్చాక నెట్ ఎక్కడ ముగుస్తుందో చెప్పలేం. కోర్టులో ఒక పక్క ఎవరో పందిళ్లు వేసినట్టయింది. హాల్ ఉత్తర ముఖాన్ని కాపాడాడని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోదగినదే. ఉత్తరం వైపు కొత్త భవనం వచ్చి ఉంటే నాలుగో కాక్ గతి ఏమయ్యేదో చెప్పనక్కర లేదు. అయితే కట్టడం ముఖాన్ని కాపాడటమూ, కట్టడానికీ శిల్పానికీ కుదిరిన లెక్కను కాపాడటమూ ఒకటి కావు. దక్షిణ పచ్చికలో 2011లో రాక్సీ పైన్ చేసిన 56 అడుగుల స్టీలు చెట్టు కూడా చేరింది. విడిగా చూస్తే చక్కటి పని. కోర్టు మధ్యలో చెట్టు మొలిస్తే ఆటగాళ్లు ఏమంటారో మీరే ఊహించండి. మంచి శిల్పాలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయే మ్యూజియం, పాత శిల్పానికి ఊపిరాడే ఖాళీ కూడా తన సేకరణలో భాగమేనని మరిచిపోతే ఇలాగే అవుతుంది.

ఉత్తరం వైపు నీళ్లలో ఉన్న పనిని చివరికి ఉంచాను. వాల్టర్ డి మారియా 2002లో రూపొందించిన దాని పేరు 'ఒక సూర్యుడు, 34 చంద్రులు'. ప్రవేశానికి ముందున్న లోతులేని కొలనులో బంగారు పూత పూసిన చదునైన దీర్ఘచతురస్రం సూర్యుడు. నీటి అడుగున గుండ్రటి అద్దాలు 34. ఆ కొలను కిందనే కార్లు నిలిపే గ్యారేజీ ఉంది. ప్రతి చంద్రుడూ ఆ గ్యారేజీ కప్పుకు ఒక కిటికీ. పగలు ఆకాశం వెలుగు నీళ్లలోంచి వడకట్టుకుని కిందికి దిగుతుంది. గాలి వీస్తే ఆ వెలుగు కార్ల మీద కదులుతుంది. రాత్రి కింది వెలుగు పైకి వచ్చి నీళ్లలో చంద్రుళ్లను వెలిగిస్తుంది. కాక్‌ల మాదిరిగా ఇది కట్టడంతో పోట్లాడదు, కెక్ పలకల మాదిరిగా చెప్పినట్టు వినదు కూడా. కట్టడానికి ఒక కప్పు కావలసి వచ్చింది, శిల్పానికి ఒక చీకటి గది కావలసి వచ్చింది, రెండూ ఒకే పలక దగ్గర కలిశాయి.

మన పరీక్ష దీనికి పెట్టి చూడండి. ఈ శిల్పాన్ని తీసేస్తే పైన కొలనులో నీళ్లు కారిపోతాయి. పూడ్చేస్తే కింద కారు తలుపు తాళం వేస్తున్న మనిషి మీద పడుతున్న పగటి వెలుగు ఆగిపోతుంది. అతను ఇంకా మ్యూజియంలో అడుగుపెట్టనే లేదు.